రత్నాకర్ పెట్టెలో పది తూటాలు

పెద్దవాగుపల్లె, నిర్మల్ జిల్లా
18 ఆగస్టు 2024

అల్లుడు తిరుమల్‌కు,

ఇక్కడ మేమందరం బాగున్నాం. మాకంటే అడవి పందులు ఇంకా బాగున్నాయి. పుష్ప మక్క చేను కంకి పాలు పట్టింది కదా, వాటికి పెళ్ళి భోజనం పెట్టినట్టయింది. వారం రోజుల్లో ముప్పై సాళ్ళు పడగొట్టాయి. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ.

ఫోన్ ఎందుకు చేయడం లేదని అడగకు. ఫోన్ చెవి దగ్గర పెడితే రేకు డబ్బాలో రాళ్ళు ఊపినట్టు చప్పుడు తప్ప మాట రాదు. ఇప్పటి ఫోన్లే నాసిరకం. అందుకని పాత పద్ధతే మేలు. నేను కాగితం మీద రాస్తా, నా బిడ్డ పుష్ప దాన్ని ఫోటో తీసి నీకు పంపుతుంది. నువ్వూ అట్లాగే పంపు. మొగుడూ పెళ్ళాల సంగతులు ఇందులో రాయకు, అవి మీరు ఫోన్‌లోనే మాట్లాడుకోండి.

అసలు సంగతికి వస్తా. పందులను కాల్చడానికి ఫారెస్టు వాళ్ళు లిస్టు తయారు చేశారు. మూడు ఊళ్ళకు కలిపి లైసెన్సు తుపాకి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. సర్పంచుల గడువు అయిపోయింది కాబట్టి పంచాయతీ సెక్రటరీయే ఇంటికి వచ్చి సంతకం తీసుకున్నాడు. ఎలక్షన్లప్పుడు స్టేషన్‌లో అప్పజెప్పిన తుపాకిని జూన్‌లోనే తెచ్చుకుని నూనె పెట్టి తుడిచాను.

నా దగ్గర బి.బి., అంటే సన్న రవ్వ తూటాలు, పన్నెండు ఉన్నాయి. మా నాయన ఎప్పుడూ సన్న రవ్వ తూటాలతోనే కొట్టేవాడు. పెద్ద రవ్వ తగిలితే తొడ కూరంతా నెత్తురు గడ్డకట్టి చెడిపోతుందని ఆయన లెక్క. కొట్టినవాడికి తల, పొలం ఆసామికి ఒక తొడ, మిగిలింది ఊరికి. అదీ అప్పటి పద్ధతి. ఇప్పుడు కొట్టిన పందిని ఆఫీసరు కళ్ళ ముందే గుంట తీసి పూడ్చాలట. కూర లేదు, పాడూ లేదు. అయినా నా చెయ్యి అలవాటు కొద్దీ సన్న తూటా మీదికే పోతుంది.

మగ పంది ఒకటుంది, క్వింటాల్‌కు తగ్గదు. దానికి ఏ తూటా సరిపోతుంది? మీ దుకాణానికి దున్నలను, సింహాలను కొట్టేవాళ్ళు వస్తారని నువ్వే చెప్పావు. కనుక్కుని రాయి.

బర్రె ఈనింది. ఆడ దుడ్డె. నీ బిడ్డ అమ్ము దానికి ఏదో పేరు పెట్టింది. ఏం పేరో సరిగా అర్థం కాలేదు, బాగుందని తల ఊపాను. మీ అత్త రాములవ్వ, దుబాయ్‌లో ఎండలకు జాగ్రత్త అని రాయమంటోంది. ఖతర్ అని వందసార్లు చెప్పాను, వినదు.

నీ మంచి కోరే మామ
పోశన్న


ఉమ్ ఘువైలినా, దోహా
23 ఆగస్టు 2024, శుక్రవారం

మామకు దండాలు.

బట్టలుతికి ఆరేసి, రూములో మిగతావాళ్ళు పడుకున్నాక రాస్తున్నాను. బయట అడుగు పెడితే పెనం మీద నిలబడ్డట్టుంది. అత్తకు చెప్పు, దుబాయ్‌లో ఎండ తగ్గిందని.

ముందు ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. నేను తుపాకుల దుకాణంలో పనిచేస్తానంటే ఊళ్ళో ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నా పని అబూ హమూర్ గోదాంలో డబ్బాలు సర్ది, వ్యాన్‌లో ఎక్కించి, అల్ ఘర్రాఫా షాపులో దింపడం. డేరాలు, బూట్లు, దుర్బీన్లు, డేగల తలకు తొడిగే తోలు టోపీలు. తూటాల గదికి రెండే తాళం చెవులు. ఒకటి మేనేజర్ దగ్గర, ఒకటి గయాజ్ భాయ్ దగ్గర. నేను ఆ గడప తొక్కను.

గయాజ్ భాయ్ మన హైదరాబాద్ మనిషి, అరవై దాటాయి. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే తుపాకులు బాగుచేస్తూ, ఏ వేటకు ఏ తూటానో చెబుతూ బతుకుతున్నాడు. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. మీ నాయన కూర లెక్క విని కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఆకలి ఉన్న రోజుల లెక్క అది, తప్పు పట్టకూడదు అన్నాడు.

మొన్న ఒక కస్టమర్ వచ్చాడు. ఆఫ్రికాలో అడవి దున్నను కొట్టడానికి పోతున్నాడు. అన్నిటికన్నా లావు తూటా, నాలుగు వందల యాభై ఎనిమిది కావాలని పట్టుబట్టాడు. గయాజ్ భాయ్ అతన్ని వట్టి తుపాకి భుజానికి ఆనించి మీట నొక్కమన్నాడు. నొక్కినప్పుడు ఆ కస్టమర్ కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. ఇక వాదన లేదు. మూడు వందల డెబ్బై అయిదు చాలు, మూడు వందల గ్రెయిన్ల బరువు గుండు తీసుకో అని తేల్చేశాడు. పెద్ద తూటాతో కళ్ళు మూసుకునేవాడి కంటే, కొంచెం చిన్నదానితో కళ్ళు తెరిచి కొట్టేవాడే మేలట. గుండుల్లో కూడా రెండు రకాలు. ఒకటి మెత్త ముక్కుది, లోపలికి పోయాక పువ్వులా విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది. రెండోది గట్టిది, విచ్చుకోకుండా ఎముకను కూడా చీల్చుకుని పోతుంది. గట్టిది దున్నకు, ఏనుగుకు. పల్చటి చర్మం దాన్ని దానితో కొడితే అవతలి పక్కకు దూసుకుపోయి ఇంకెవరికో తగులుతుంది.

నీ పన్నెండు బోరు తుపాకికి గయాజ్ భాయ్ చెప్పింది ఇది. బి.బి. బాతులకు, కుందేళ్ళకు. పందికి ఎల్.జి., అంటే పెద్ద రవ్వ తూటా కావాలి. పాతిక అడుగులు వేసి కొలిచిన దూరం దాటితే పేల్చొద్దు. భుజం వెనక కొట్టాలి. ఒంటి గుండు తూటా దొరికినా ఎడమ నాళంలో వేయొద్దు, దాని మూతి బిగుతుగా ఉంటుంది.

చివరికి ఇంకోటి అన్నాడు. "జాన్వర్ ఎంత పెద్దదని అందరు అడుగుతరు. దాని పీఛే ఏమున్నదని ఎవ్వడు అడగడు. ముందుగాల అది అడుగు." అంతకు ముందే, ముప్పై ఏళ్ళు పన్నెండు బోరు పేల్చిన మనిషికి చెవులు ఎట్లున్నాయని అడిగాడు. ఏమని చెప్పాలి?

అమ్ము బడికి సరిగా పోతోందా?

నీ అల్లుడు
తిరుమల్


పెద్దవాగుపల్లె
1 సెప్టెంబర్ 2024

అల్లుడా,

పందిని అడిగితే ఏనుగు కథ రాశావు. సరే, చదవడానికి బాగుంది. నా చెవుల సంగతి మీ గయాజ్‌కు ఎందుకు? చెవులతో కాలుస్తారా తుపాకి? నా కళ్ళు ఇంకా పావురాన్ని, పిట్టను వేరు చేస్తాయి. అది చెప్పు ఆయనకు.

ఎల్.జి. తూటాలు నిర్మల్‌లో లేవు. దుకాణం వాడు రెండు నెలలు ఆగమన్నాడు. పంది ఆగుతుందా? శుక్రవారం తెల్లవారుజామున ఉన్న బి.బి. తోనే పోయాను. మగ పంది మక్క చేను అంచున నిలబడి ఉంది. దూరం నలభై అడుగులు ఉండవచ్చు. పేల్చాను. తగిలింది. మక్క ఆకుల మీద నెత్తురు చూశాను. అది గుర్రుమని మక్కలోంచి పక్కనున్న కంది చేలోకి దూరింది. వెతికే లోపల వాన మొదలైంది. మూడు రోజులుగా కురుస్తూనే ఉంది. నెత్తురు గుర్తులన్నీ కొట్టుకుపోయాయి. అది అడవిలోకి పోయి చచ్చి ఉంటుంది.

చచ్చి ఉంటుందని రాశాను గానీ, చూడలేదు. అది నా మనసులో ఉంది.

ఒక పని చెయ్యి. నీ రూములో ఉండే రత్నాకర్ పదమూడో తారీఖున సెలవు మీద వస్తున్నాడని వాళ్ళమ్మ చెప్పింది. ఆ పిల్లవాడి పెట్టెలో పది ఎల్.జి. తూటాలు పెట్టి పంపు. బట్టల మధ్య పెడితే నలగవు. అందరూ బ్లాంకెట్లు, పాల పొడి, తలనొప్పి మందు తెప్పించుకుంటారు, నేను ఇన్నేళ్ళలో నిన్ను ఏదీ అడగలేదు.

ఇంతే సంగతులు.
పోశన్న


అబూ హమూర్ గోదాం
3 సెప్టెంబర్ 2024

మామకు,

మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో రాస్తున్నాను. నీ కాగితం ఫోటో కింద పుష్ప వాయిస్ మెసేజ్ పెట్టింది. "మా బాపుకు దిమాక్ ఖరాబయింది, నువ్వు గిన ఇయ్యకు" అని. మామా, తూటాలు పంపడం కుదరదు. ఒక్కటి కూడా కుదరదు. ఎవరి పెట్టెలోనూ కుదరదు.

పోయిన ఏడాది మా గోదాంలో ఒకాయన సెలవుకు పోతూ పాత వేట కోటు వేసుకున్నాడు. దాని జేబులో ఎవరో మరిచిపోయిన ఖాళీ తూటా గొట్టం ఉంది. మందు లేదు, రవ్వ లేదు. అయినా ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. ఐదు రోజుల దాకా ఇల్లు చేరలేదు. పది నిండు తూటాలతో దొరికితే రత్నాకర్ ఇల్లు ఎప్పుడు చూస్తాడు? వాడి చెల్లెలి పెళ్ళి ఈ నెలలోనే.

దెబ్బ తిన్న పందిని వదిలేశావని చెబితే గయాజ్ భాయ్ చాయ్ తాగుతున్నవాడు కప్పు కింద పెట్టేశాడు. "ఎతికిండా?" అని అడిగాడు. వాన పడిందన్నాను. దెబ్బ తిన్నది చావకపోతే దగ్గరలోనే నీళ్ళున్న చోట, గుబురులో పడుకుంటుందట. కంది చేను పక్కనే వాగు ఉంది కదా. పుష్పను ఆ వైపు పోనీయకు. ఇది నేను బతిమాలి అడుగుతున్నాను.

నీకు నిజంగా కావలసింది ఏమిటో గయాజ్ భాయ్ చెప్పాడు. అది రత్నాకర్ పెట్టెలో పంపుతున్నాను. అందే దాకా చేలోకి పోవద్దు.

ఇక్కడ వేట సామాను ఎగ్జిబిషన్ దగ్గర పడింది, డ్యూటీ ఎక్కువగా ఉంది. తొందరలో రాశాను, గట్టిగా రాస్తే మన్నించు.

తిరుమల్


పెద్దవాగుపల్లె
7 సెప్టెంబర్ 2024, వినాయక చవితి

అల్లుడా,

నీ తెలివికి మెచ్చాను. ఉత్తరం పుష్ప చదువుతుందని పైన అంతా కుదరదు, కుదరదు అని రాసి, చివర్లో కావలసింది పంపుతున్నానని చిన్నగా పెట్టావు. నేను గ్రహించాను. ఇంకేమీ రాయకు. దీన్ని నేను సెక్రటరీకి మాత్రం చెప్పాను. ఆయన మంచివాడు. రత్నాకర్ వాళ్ళమ్మకు కూడా, పెట్టె జాగ్రత్తగా దించుకోమని చెప్పాను.

పంది చావలేదు. నిన్న కంది చేలోంచి దూసుకొచ్చి, మనకు కూలీలను తెచ్చే సాయవ్వ కుక్కను చీరేసింది. ఎడమ ముందరి కాలు కుంటుతోందట. కాబట్టి అది నేను కొట్టిందే. సాయవ్వ కూలీలను తీసుకురానని చెప్పేసింది. మక్క కంకి ఎండుతోంది, ఇంకో పది రోజులకు విరవాలి. చేలోకి మనిషి రాడు. ఊళ్ళో నా మొహం మీద ఎవరూ ఏమీ అనరు, కానీ హోటల్ దగ్గర నేను కూర్చోగానే మాటలు ఆగిపోతున్నాయి. ఆగిపోతున్నాయో, నాకు వినపడటం లేదో, అది వేరే సంగతి.

పుష్పకు అటు పోవద్దని చెప్పాను. బర్రెకు పచ్చిగడ్డి ఎవరు తెస్తారని గట్టు వెంబడి పోతూనే ఉంది. నీ భార్య నా మాట వింటుందా? నా పెంపకమే.

ఆ పది తూటాలు అందిన తెల్లారే పని ముగిస్తాను. అందాకా పోనని నీ మాట మీద ఉన్నాను.

ఉండ్రాళ్ళు నీ వంతు నేను తిన్నాను.
మామ


ఉమ్ ఘువైలినా
13 సెప్టెంబర్ 2024, శుక్రవారం

మామా,

నేను మాటల వెనక మాట దాచేవాణ్ణి కాదు. తూటాలు పంపలేదు. పంపను. పుష్ప చదవాలనే పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నువ్వు రత్నాకర్ వాళ్ళమ్మకు చెప్పావు. ఆమె కొడుక్కు ఫోన్ చేసి, నీ పెట్టెలో బాంబులు పెట్టారట బిడ్డా అని ఏడ్చింది. తాళ్ళు కట్టి, టేపు చుట్టి, పేరు రాసిన పెట్టెను వాడు నిన్న సాయంత్రం రూము మధ్యలో కత్తితో కోశాడు. ఖర్జూరం డబ్బాలు విప్పాడు. చెల్లెలి పెళ్ళి చీరలు ఒక్కొక్కటీ దులిపాడు. పాల పొడి జల్లెడ పట్టాడు. చివరికి నేను పెట్టిన డబ్బా దొరికింది. నల్లగా, బ్యాటరీతో, చిన్న మీటలతో ఉంది. దాన్ని చూసి వాడు మంచం ఎక్కి నిలబడ్డాడు. ఐదేళ్ళు ఒకే కుండలో తిన్నాం, నన్ను అట్లా చూస్తాడని అనుకోలేదు. గయాజ్ భాయ్ రూముకు వచ్చి, దాన్ని తన చెవులకు పెట్టుకుని చూపించి, షాపు బిల్లు చేతికి ఇస్తేనే మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు.

అది ఏమిటో ఇప్పుడు చెబుతాను. తుపాకి పేల్చేవాళ్ళు చెవులకు పెట్టుకునే డబ్బాలు. చిన్న చప్పుడును పెద్దది చేసి వినిపిస్తాయి. తుపాకి పేలగానే వాటంతట అవే మూసుకుంటాయి. పెద్ద వేటకు పోయేవాళ్ళందరూ తీసుకుపోతారు.

మామా, నీకు చెవుడు వచ్చింది. ఆరేళ్ళయింది. ఫోన్లు నాసిరకం కాదు. ఎవరూ నీకు చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను, కోపం నా మీదే పెట్టుకో.

గయాజ్ భాయ్ నిన్న నాకు ఒకటి చెప్పాడు. పాతికేళ్ళ వయసులో ఆయన తన చిన్నాన్నతో వేటకు పోయాడు. మనుబోతు, అదే నీల్‌గాయ్, అడ్డంగా నిలబడింది. చేతిలో రైఫిల్, అందులో గట్టి గుండు. మెత్తది వేయాల్సింది, పెద్దదైతే మంచిదనుకుని అది వేశాడు. మనుబోతు పడింది. గుండు దాన్ని దాటి, చెట్ల అవతల కాడి మీదున్న ఎద్దుకు తగిలింది. రైతు ఆ ఎద్దు మెడ పట్టుకుని కూర్చున్నాడట, ఒక్క తిట్టు కూడా తిట్టలేదట. ఎద్దు పక్కనే నాగలి పట్టుకుని ఆ రైతు కొడుకు ఉన్నాడు. ఆ రోజు నుంచి గయాజ్ భాయ్ ఏ జంతువునూ కాల్చలేదు. తూటా గురించి అడిగిన ప్రతివాణ్ణీ ఆ ప్రశ్నే అడుగుతాడు, దాని వెనక ఏముంది అని. కళ్ళకు ఆకులు అడ్డమొస్తాయి. మక్క చేలో వెనక ఏముందో చెవులే చెప్పాలి.

అత్తకు ఖర్జూరం విడిగా పెట్టాను.

నీ అల్లుడు
తిరుమల్


పెద్దవాగుపల్లె
17 సెప్టెంబర్ 2024

తిరుమల్‌కు,

అందింది. అటక మీద పడేశాను.

రత్నాకర్ ముందు, వాళ్ళమ్మ ముందు, మీ అత్త దాన్ని తన తలకు పెట్టుకుని ఆకాశంలో గాలిమోటారు నడిపేవాడిలా ఉన్నానా అని నవ్వింది. పదిమందిలో నన్ను చెవిటివాణ్ణి చేశావు. నేను అడిగింది తూటాలు. వయసు మీద పడ్డదని నువ్వు గుర్తు చేయనక్కర లేదు.

తూటాల బాధ కూడా తీరింది. సెక్రటరీ నిజామాబాద్ నుంచి రసీదుతో సహా ఐదు ఎల్.జి.లు తెప్పించాడు. రేపు పొద్దున్నే పోతున్నాను. చేను పైవైపు నుంచి దిగుతాను. పుష్పను రేపు చేనుకు రావొద్దని చెప్పాను. అది ఏదో చెప్పింది, సరే అన్నాను.

ఈ కాగితం రత్నాకర్ ఫోటో తీస్తున్నాడు. పుష్ప చేతికి ఇవ్వలేదు. అది కూడా నవ్వింది.

పోశన్న


దోహా
18 సెప్టెంబర్ 2024, ఉదయం నాలుగున్నర

మామా,

నిన్న ఎగ్జిబిషన్ సామాను దింపేసరికి ఒళ్ళు పులిసిపోయి పడుకున్నాను. నీ కాగితం ఇప్పుడే చూశాను. మీకు అక్కడ ఏడయింది.

ఏదో చెప్పింది, సరే అన్నానని రాశావు. ఏం చెప్పింది మామా?

పుష్పకు ఎనిమిది సార్లు చేశాను, ఎత్తడం లేదు. రత్నాకర్ ఫోన్ బంద్ ఉంది. అత్తకు చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. కింద వ్యాన్ ఆగి ఉంది, డ్రైవర్ యల్లా యల్లా అని హారన్ కొడుతున్నాడు. చేతులు ఊరికే ఉండటం లేదని రాస్తున్నాను. దీన్ని ఎవరు ఎప్పుడు చూస్తారో తెలియదు.

నేను నిన్ను చెవిటివాడని రాసింది తప్పయితే తప్పే. ఆ డబ్బా పెట్టుకోకపోయినా సరే. పేల్చకు. ఇంటికి పో. మక్క పోతే పోనీ.

తిరుమల్


పెద్దవాగుపల్లె
19 సెప్టెంబర్ 2024

అల్లుడు తిరుమల్‌కు,

పుష్ప బాగుంది. నిన్న తొమ్మిదింటికి నీకు ఫోన్ చేసి బాగున్నానని చెప్పిందట. ఏం జరిగిందో మాత్రం అది చెప్పలేదు. బాపు రాస్తడు అని వదిలేసిందట. కాబట్టి నేనే రాయాలి.

మొన్న రాత్రి తుపాకి తీద్దామని మూలకు పోతే, దాని మీద నీ డబ్బా వేలాడుతోంది. మీ అత్త అటక మీద నుంచి దించి అక్కడ తగిలించింది. ఎవరూ చూడకుండా కొట్టంలోకి పోయి పెట్టుకున్నాను. ముందు బర్రె నెమరు వినపడింది. అది అంత చప్పుడు చేస్తుందని మరిచిపోయాను. తర్వాత రేకు మీద చినుకులు. తర్వాత వంటింట్లో మీ అత్త గొణుగుడు. "ముసలోడు ఒకరి మాట ఇనడు, ఇంటే ఎప్పుడో బాగుపడేటోడు" అంటోంది. ఈ ఆరేళ్ళలో ఆమె నా గురించి ఎన్ని అని ఉంటుందో లెక్క లేదు. తీసి చంకన పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున చేను పైవైపు నుంచి దిగాను, చెవులకు పెట్టుకునే దిగాను. పంది మక్కలోనే ఉంది. ఇరవై అడుగుల దూరం, అడ్డంగా, భుజం నాకు చూపిస్తూ నిలబడింది. కుడి నాళంలో ఎల్.జి. ఉంది. మీ గయాజ్ చెప్పిన తూటా, చెప్పిన దూరం, చెప్పిన చోటు. నా జన్మలో అంత సాఫ్‌గా పంది నిలబడలేదు. మీట మీద వేలు పెట్టాను.

అప్పుడు సర్ర్‌మని వినపడింది. ఆగి మళ్ళీ సర్ర్‌మంది. గాలి లేదు. కొడవలి చప్పుడు అది. దానితోపాటు గాజులు. పందికి సూటిగా వెనక, పది పదిహేను సాళ్ళ అవతల.

ఏం చెప్పిందో ఇప్పుడు తెలిసింది, తిరుమల్. చేలోకి రాను గానీ దిగువ గట్టు మీద మంచె పక్కన గడ్డి కోసుకుని పోతానని చెప్పిందట. నేను సరే అన్నాను. అది అడిగింది, తండ్రి ఒప్పుకున్నాడు, అది వచ్చింది. దాని తప్పు ఏమీ లేదు. నాకు వినపడనప్పుడల్లా తల ఊపడం అలవాటు. ఆరేళ్ళుగా ఊరందరికీ, ఇంట్లోవాళ్ళకూ తల ఊపుతూనే బతికాను. నిన్న ఆ ఊపుడు నా బిడ్డను తుపాకి ఎదురుగా నిలబెట్టింది.

వేలు తీశాను. "పుష్పా, మంచె ఎక్కు" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే ఆ డబ్బా నా గొంతును కూడా మూసేసింది. మంచె కర్రలు కిర్రుమన్నాయి, ఎక్కుతోందని తెలిసింది. పంది నా అరుపుకు బెదిరి వాగు వైపు కుంటుకుంటూ పరిగెత్తింది. మక్క దాటి బయటికి వచ్చి, ఎత్తు మట్టి ఒడ్డు ముందు తిరిగి నిలబడింది. వెనక మట్టి తప్ప ఏమీ లేదు. రెండుసార్లు చూసుకున్నాను. అప్పుడు పేల్చాను. ఒక్కటే. పడిన చోటి నుంచి కదలలేదు.

ఆఫీసరు వచ్చాక దాన్ని కడిగి చూశాం. నా పాత బి.బి. రవ్వలు ఎడమ భుజంలో, చర్మం కిందనే ఉండిపోయాయి. ఎముక దాకా కూడా పోలేదు. చీము పట్టి కాలంతా వాచిపోయింది. పంతొమ్మిది రోజులు ఆ నొప్పితో తిరిగింది. దాన్ని చూస్తే సిగ్గనిపించింది. సాయవ్వ కుక్కను అది చంపలేదు, నేను చంపాను. సాయవ్వకు ఆ మాటే చెప్పి, దండం పెట్టాను.

పుష్ప మంచె దిగి వచ్చి గడ్డి మోపు ఎత్తమంది. ఎత్తాను. ఇంటి దాకా అది ముందు, నేను వెనక నడిచాం. గడపలో మోపు దించి, "బాపు, నువ్వు సరే అన్నవు గదా" అంది. అంతే అంది. నేను గోడ పట్టుకుని కూర్చుని ఏడ్చాను. ఇది మీ అత్తకు తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు.

సాయంత్రం పంచాయతీ ఆఫీసుకు పోయాను. పదిమంది ఉన్నారు. నాకు చెవుడని, తెలిసే దాచానని, లిస్టులో నా పేరు ఉండాలంటే చెవులు బాగున్న మనిషిని ఒకణ్ణి నా పక్కన నిలబెట్టాలని చెప్పాను. ఈ మాట చెప్పడానికి పందికి ఎదురు పోయినదానికంటే ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. సెక్రటరీ తల గోక్కుని, "మాకు ఎరుకే పోశన్నా" అన్నాడు. ఊరందరికీ తెలుసట.

మిగిలిన నాలుగు తూటాలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. గయాజ్ సాబ్‌కు నా సలాం చెప్పు. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉందని చెప్పు. దాని వెనక నా బిడ్డ ఉండింది.

రేపటి నుంచి మక్క విరుస్తున్నారు. సాయవ్వే పన్నెండు మందిని తెస్తోంది.

ఇంకొకటి. ఇందాక నీ డబ్బా పెట్టుకుని కొట్టం ముందు కూర్చున్నాను. అమ్ము దుడ్డెను పిలుస్తోంది. నెల రోజులుగా నేను బాగుందని తల ఊపిన పేరు ఇవాళ విన్నాను. దోహా అని పిలుస్తోంది. "దోహా, ఇటు రా, నాకాడికి రా" అంటోంది. అది కూడా తోక ఎత్తుకుని వస్తోంది.

రేపు శుక్రవారం, నీకు డ్యూటీ లేదు. ఇక ఉత్తరం రాయకు. ఫోన్ చెయ్యి. పుష్ప ఆ ఫోన్ చప్పుడు పెద్దది చేసి నా పక్కన పెడుతుంది. నీ గొంతు విని ఆరేళ్ళయింది. బ్యాటరీలు మన కిరాణా షాపులో దొరుకుతాయి, ఎవరి పెట్టెలోనూ ఏమీ పెట్టకు.

నీ మామ
పోశన్న